వేళ్ళక్క చేతి వేళ్ళు

ఆ సందులో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఎండిన వేళ్ళూ బెరళ్ళూ ఆకులూ అమ్ముతుంది కాబట్టి వేళ్ళక్క. ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు. దుకాణం ఒకటే గది. మూడు గోడలకూ చిన్న చిన్న చెక్క సొరుగులు, మధ్యలో రోలు, వీధివైపు బల్ల. లోపల అడుగు పెడితే చాలు, చేదు వాసన గొంతుకు తగిలేది. ఎవరైనా ముఖం చిట్లిస్తే, "వాసనకే ఇలా అయిపోతే తాగేటప్పుడు ఏమైపోతారో" అని నవ్వేది.

ఆ విద్య ఆమెకు మేనత్త నేర్పింది. ఏ వేరు నీడలో ఎండాలో, ఏది దంచాలో, ఏది మరిగించాలో దగ్గరుండి చూపించింది. అప్పటికే మేనత్త చేతులు ముడుచుకుపోతున్నాయి. చెంచాతో తినిపించడం, తల దువ్వడం వేళ్ళక్క పనే. గోళ్ళు తీయాలంటే మాత్రం ప్రాణం మీదికొచ్చేది. అరచేతిలోకి దిగబడిన వేళ్ళను బతిమాలినట్టు ఒక్కొక్కటే విప్పాలి. మేనత్త పళ్ళు బిగించి పైకప్పు వంక చూసేది. చివరికి ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మళ్ళీ ఇంటికి రాలేదు.

అందుకే ఒక ఉదయం సీసా మూత తిప్పబోతే పట్టు చిక్కనప్పుడు, వేళ్ళక్కకు ముందుగా కళ్ళ ముందు మెదిలినవి ఆ గోళ్ళే.

పని ఎక్కువైంది, అంతే అనుకుంది. కానీ వాపు రెండు చేతులకూ ఒకే చోట, కణుపుల దగ్గరా మణికట్ల దగ్గరా వచ్చింది. పొద్దున లేస్తే వేళ్ళు కొయ్యబారిపోయి, ఎండ ముదిరాక గాని మడతపడేవి కావు. ఇది ఏమిటో ఆమెకు తెలుసు. తెలుసు కాబట్టే పైకి అనలేదు.

కీళ్ళనొప్పులకు ఆమె ఒక చేదు వేరు ఇచ్చేది. ఆ వేరు మేనత్త చెప్పిందే. దానితో నొప్పి తగ్గిందన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. ఎదురుగా కుట్టుపని చేసే దర్జీ వదిన అయితే అటకెక్కి మరీ గుడ్డలు దించుతోంది. వేళ్ళక్క కూడా అదే కషాయం మొదలుపెట్టింది. గుణం కనిపించలేదు. వేరు ఎక్కువ వేసింది, ఇంకా చిక్కగా మరిగించింది, ఒక పూటది మూడు పూటలు చేసింది. ఆకలి చచ్చిపోయింది గాని వాపు చావలేదు.

మనుషుల ముందు పొడుగు చేతుల జాకెట్టు వేసుకోవడం మొదలుపెట్టింది. దంచే పని పిండిమరకు పంపింది. వేళ్ళక్కకు వేళ్ళే పనిచేయడం లేదట అని సందు సందంతా చెప్పుకుంటుందని ఒక భయం. దానికి అడుగున ఇంకో భయం ఉంది. ఇన్నేళ్ళూ తను ఇచ్చింది మందేనా? ఆ ఆలోచన రాగానే లేచి ఏదో ఒక పని వెతుక్కునేది.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. ఆయన ఇంట్లో ఉన్న రోజే పొయ్యిమీది గిన్నె దించబోయి జారవిడిచింది. మరిగే కషాయం పాదం మీద పడింది. ఆయన పరుగున వచ్చి ఆమెను కుళాయి దగ్గర కూర్చోబెట్టాడు. తడిసిన జాకెట్టు చేతులు పైకి మడవబోయి, వాపు చూసి ఆగిపోయాడు.

"ఎప్పట్నించి?"

"ఏం లేదండీ, చెయ్యి జారింది."

"జారిన సంగతి కాదు. ఈ వాపు ఎప్పట్నించి?"

ఆమె పాదాన్ని కుళాయి కిందికి ఇంకాస్త జరుపుకుంది.

"బ్రేకులు పడట్లేదని తెలిసి కూడా బస్సు రోడ్డెక్కించినోడ్ని ఏమంటారో తెలుసా?"

"ఏమంటారు?"

"మా డిపోలో అయితే, ఉద్యోగం ఊడినోడంటారు. పద ఆసుపత్రికి."

ఆసుపత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు, ఘాటైన మందు వాసన. చక్రాల కుర్చీ కనిపించినప్పుడల్లా ఆమె తల తిప్పుకుంది. కీళ్ళ డాక్టరమ్మ చిన్న వయసుది. కణుపు కణుపూ నొక్కి చూసి, "ఇంకేమైనా వాడుతున్నారా అమ్మా? పొడులు, కషాయాలు?" అని అడిగింది.

"లేదండీ."

భర్త ఆమె వంక చూశాడు. బయటికొచ్చాక కూడా దాని మాట ఎత్తలేదు. ఆయన అలా ఊరుకోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

రక్తపరీక్ష రిపోర్టు వచ్చిన రోజు డాక్టరమ్మే ఫోన్ చేసింది. "రేపటిదాకా ఆగొద్దు, ఇవాళే రండి" అంది. బస్సులో ఆ కాసేపూ వేళ్ళక్క ఎవరి మాటా వినిపించుకోలేదు.

డాక్టరమ్మ తలుపు మూసింది. "కీళ్ళ జబ్బు నేను అనుకున్నదే. మిమ్మల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే తిరగబడి మీ కీళ్ళ మీద పడుతోంది. దానికి మందుంది. కాకపోతే ఆ మాత్ర కాలేయం మీద భారం వేస్తుంది. మీ కాలేయం చూస్తే ఇప్పటికే దెబ్బతిని ఉంది. మీరు ఏదో తాగుతున్నారు. అది చెప్పకపోతే నేను రాసే మందే మిమ్మల్ని ముంచుతుంది."

వేళ్ళక్క చెప్పేసింది. వేరు పేరు, పాళ్ళు, పూటలు, అన్నీ.

"మొన్న ఎందుకు చెప్పలేదు?"

"తిడతారని."

"తిట్టట్లేదమ్మా. నాకూ భయమేసింది. ఇంకొంచెమైతే ఆ మాత్ర రాసేసేదాన్ని." "ఈ క్షణం నుంచి ఆ కషాయం ముట్టుకోకండి."

"మరి అందరికీ పనిచేసింది కదండీ. నా ఒక్కదానికే ఎందుకు చేయలేదు?"

"ఈ మధ్య యాంటీబయాటిక్స్ ఏమైనా వాడారా?"

వాడింది. దవడ చీము పట్టి పోయినేడు చాలాకాలం మింగింది.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. మన పేగుల్లో లెక్కలేనన్ని సూక్ష్మజీవులు ఉంటాయి. మొక్కల్లోని కొన్ని పదార్థాలు ఉన్నవున్నట్టుగా ఒంటికి పట్టవు. ఆ సూక్ష్మజీవులు విరగ్గొట్టి ఇస్తేనే పడతాయి. అవి ఒకరి పేగుల్లో ఉన్నట్టు ఇంకొకరిలో ఉండవు. యాంటీబయాటిక్స్‌కు కొన్ని చచ్చిపోతాయి కూడా. "మీ విషయంలో అదే జరిగిందని ఒట్టేసి చెప్పలేను. జరిగి ఉండొచ్చు. ఈ జబ్బు మొదలైన కొందరి పేగుల్లో ఫలానా రకాలు ఎక్కువ కనిపించాయని కూడా పరిశోధనలు ఉన్నాయి. అవి జబ్బు తెచ్చాయో, జబ్బు వాటిని పెంచిందో ఇంకా తేలలేదు."

వేళ్ళక్క చెయ్యి తనకు తెలియకుండానే పొట్ట మీదికి వెళ్ళింది. "నాలో ఇంత జరుగుతోందా?"

"బస్సు నిండా టిక్కెట్టు లేని జనమే అన్నమాట" అన్నాడు భర్త. డాక్టరమ్మ నవ్వింది. వేళ్ళక్కకు నవ్వు రాలేదు. ఒకరి పేగుల్లో ఉన్నది ఇంకొకరిలో ఉండదన్న మాట దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది. అయితే తన దగ్గర పొట్లాలు కట్టించుకున్నవాళ్ళ లోపల ఏం జరుగుతోంది? దర్జీ వదినకు ఉన్నదీ ఇదే జబ్బు. నీ పొడి ఉండగా ఇంక ఆసుపత్రి మాత్రలెందుకు అక్కా అని ఆమె ఒకసారి అన్నప్పుడు, తను కాదనలేదు. మురిసిపోయి నవ్వింది.

ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా అక్కడికి వెళ్ళింది. దర్జీ వదిన మిషన్ తొక్కుతోంది.

"వదినా, ఆసుపత్రి మాత్రలు వేసుకుంటున్నావా?"

"ఎప్పుడో ఆపేశా. నొప్పే లేదు కదా."

వేళ్ళక్క జాకెట్టు చేతులు పైకి లాగి చూపించింది. మిషన్ ఆగిపోయింది.

"మరి నీ పొడి?"

"నాకు పనిచేయలేదు. నీకేం చేస్తోందో నాకు తెలీదు. నాతో రా వదినా, పరీక్ష చేయించుకుందాం. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా."

ఎక్స్‌రే గది బయట కూర్చున్నప్పుడు పడ్డంత భయం వేళ్ళక్క తన జబ్బుకు కూడా పడలేదు. ఆ తలుపు తెరుచుకోకుండా ఉంటే బాగుండనిపించింది. తెరుచుకుంది. రక్తపరీక్షలో దర్జీ వదిన కాలేయం బాగానే ఉంది. కానీ ఎక్స్‌రేలో మణికట్టు ఎముకల అంచులు తినేసినట్టు ఉన్నాయి. నొప్పి అణిగిందే గాని, లోపల జబ్బు తన పని తాను చేసుకుపోయింది. పోయిన ఎముక తిరిగి రాదని డాక్టరమ్మ చెప్పింది.

తిరిగి వచ్చేటప్పుడు దర్జీ వదిన బస్సులో ముందుకెళ్ళి వేరే సీట్లో కూర్చుంది. వేళ్ళక్క వెనక నుంచి ఆమె మెడ వంక చూస్తూ దారి పొడుగునా ఏడ్చింది.

తర్వాత వేళ్ళక్క ఆ వేరు తీసుకున్నవాళ్ళందరి ఇళ్ళకూ తిరిగింది. డాక్టరు రాసిన మాత్రలు ఆపొద్దని, రక్తపరీక్ష చేయించుకోమని చెప్పింది. కొందరు విన్నారు. కొందరు ఆమెకు మతి చలించిందన్నారు. ఒక పెద్దాయన, "ఇన్నాళ్ళూ తాగించి ఇప్పుడు భయపెడతావేంటమ్మా" అని ముఖం మీదే తలుపు వేశాడు. దుకాణానికి రావడం చాలామంది మానేశారు.

కషాయం మానాక కాలేయం నెమ్మదిగా కోలుకుంది. అప్పుడు డాక్టరమ్మ వారానికి ఒక్కసారి వేసుకునే మాత్ర మొదలుపెట్టింది. ఆ రోజు వస్తే వేళ్ళక్క మాత్ర అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చునేది. "చూస్తే అరగదు, మింగితే అరుగుతుంది" అని భర్త నీళ్ళ గ్లాసు అందించేవాడు. నెలలు గడిచేసరికి వాపు తీసింది. పొద్దుటి బిగువు సడలింది. కుడిచేతి చివరి రెండు వేళ్ళు మాత్రం పూర్తిగా విచ్చుకోలేదు.

మాత్రలు మళ్ళీ మొదలుపెట్టాక కూడా దర్జీ వదిన చాలాకాలం ఇటువైపు చూడలేదు. ఒకరోజు దగ్గుకు ఆకు కావాలని వచ్చింది.

"నేను వేసుకునే మందుతో ఇది పడుతుందా? డాక్టరమ్మని అడిగావా?"

"అడిగా వదినా. పడుతుందంది."

"సరే, ఇవ్వు."

పొట్లం తీసుకుని, డబ్బులు బల్ల మీద పెట్టింది. ఆమె వెళ్ళాక వేళ్ళక్క బల్ల పట్టుకుని నిలబడిపోయింది.

ఇంకోసారి పరీక్షకు వెళ్ళినప్పుడు, ఎన్నాళ్ళుగానో గొంతులో అడ్డుపడ్డ మాట అడిగేసింది. "నా చేతులు మా మేనత్త చేతుల్లా అయిపోతాయా?"

"ఆవిడ కాలంలో ఈ మందులు లేవు. అలా కానివ్వకూడదనే ఈ పరీక్షలన్నీ. మాట మాత్రం ఇవ్వలేనమ్మా."

ఆ సాయంత్రం దుకాణానికి కొత్తమనిషి ఒకాయన కుంటుకుంటూ వచ్చాడు. మోకాళ్ళు వాచి ఉన్నాయి. చేదు వేరు కావాలన్నాడు.

"ముందు పరీక్ష చేయించుకోండి బాబూ. ఇదేం జబ్బో తెలియకుండా నేనివ్వను."

"మందుల దుకాణం పెట్టుకుని మందివ్వనంటారేంటి? ఇంకో వీధిలో దొరుకుతుంది లెండి." ఆయన విసుక్కుంటూ మెట్లు దిగాడు.

వేళ్ళక్క బయటికొచ్చి, "బాబూ, ఒక్కమాట" అని పిలిచింది. ఆయన తిరిగి చూడలేదు. నిజంగానే ఇంకో వీధిలో దొరుకుతుందని ఆమెకు తెలుసు. ఆయన మలుపు తిరిగేదాకా ఆ కాళ్ళ వంకే చూస్తూ గుమ్మంలో నిలబడింది.