ఆకుల మీద పంచిన నిద్ర

దేవేకి పిచ్చి పట్టిందని ఊళ్ళో ముందుగా అన్నది ఆమె తోడికోడలే. అననిమ్మంది దేవే. రాత్రంతా గోడకి వీపు ఆనించి కూర్చునే మనిషిని ఇంకేమంటారు? తెల్లారి వాకిలి ఊడుస్తూ నిలబడే కునికేది. ఓసారి గంజి వారుస్తూ కునికి చెయ్యి కాల్చుకుంది. బాసగూడ అవతల, వాగు దాటి వెళ్ళాల్సిన ఆ చిన్న ఊళ్ళో ఇరవై ఆరు ఇళ్ళు. అందరూ పడుకున్నాక మేలుకుని ఉండేది తానొక్కతే అనుకునేది.

రెండేళ్ళ కిందటి దాకా ఆమెది మొద్దు నిద్ర. ఒక రాత్రి తలుపు తట్టారు. టార్చి లైట్లు, బూట్లు. భర్త మంగ్లూని తీసుకుపోయి మూడోనాడు వదిలిపెట్టారు. ఏమడిగారో, ఏం చేశారో అతను ఇప్పటికీ చెప్పడు. అంతకుముందు కొన్నేళ్ళు వేరే తుపాకులు వచ్చి అన్నం అడిగేవి. ఈ తుపాకులు వచ్చి ఆ అన్నం ఎందుకు పెట్టావని అడిగాయి. అప్పట్నుంచి ఆకు కదిలినా దేవే లేచి కూర్చుంటుంది.

మొదట వడ్డె దగ్గరికి వెళ్ళింది. ఊరి పూజారీ ఆయనే, వైద్యుడూ ఆయనే. కోడిని కోసి, బియ్యం గింజలు చూసి, వాగు దాటుతుంటే ఏదో పట్టుకుందన్నాడు. "పట్టుకున్నది వాగు కాడ కాదు, ఇంట్ల" అని లేచి వచ్చేసింది. కోడి మాత్రం పోయింది.

తర్వాత బీజాపూర్ వెళ్ళే దారిలో ఏదో ట్రస్టువాళ్ళు చిన్న దవాఖానా పెట్టారని విని జీపెక్కింది. అక్కడి డాక్టరు రాయ్‌పూర్ కుర్రాడు, హిందీ తప్ప రాదు. నర్సు కన్యకాపరమేశ్వరి కోంటలో కిరాణా దుకాణం నడిపే తెలుగువాళ్ళ పిల్ల. దేవే ఇంట్లో మాట్లాడేది దోర్లీ. కానీ ఏటా మిరపకాయలు ఏరడానికి సరిహద్దు దాటి చర్ల వైపు కూలికి పోతుంది కాబట్టి తెలుగు బాగానే పట్టుబడింది. దేవే తెలుగులో చెబితే కన్యక హిందీ చేసింది.

"ఎన్ని గంటలు పండుకుంటున్నవని అడుగుతుండు, అక్కా."

"గంటలు నాకేం ఎరుక? కోడి కూసినంక కొంచెం కన్నంటుకుంటది. గంతే."

"భయమేస్తదా అంటుండు."

"ఏందా అడుగుడు? మా ఊళ్ళె ఒక్క రాత్రి పండుకొమ్మను, చూద్దాం."

కన్యక నవ్వాపుకుంది. ఆ చివరి మాట మాత్రం హిందీ చేయలేదు.

డాక్టరు ముప్పై గోళీలిచ్చాడు. రాత్రికొకటి వేసుకుని నెల తర్వాత రమ్మన్నాడు.

దేవే తప్పు చేసింది ఇక్కడే. ఆ ఊళ్ళో వేటలో పంది పడితే ఇంటికొక పాలు. వాగులో చేపలు పట్టినా అంతే. బయటినుంచి వచ్చింది ఏదైనా ఒక్కరు దాచుకుని తింటే నలుగురిలో తలెత్తుకోలేరు. చేతిపంపు దగ్గర ఆమె గోళీల సంగతి చెప్పగానే ముసలి మాసే బిందె కింద పెట్టేసింది.

"నాకూ ఒకటియ్యి బిడ్డా. నేను సక్కగ పండుకొని ఎన్నేండ్లాయెనో."

"మరి నాకు?" అంది పక్కనున్నామె.

బిందెలతో నిలబడ్డవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు చెయ్యి చాపారు. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు చీకట్లో గోడకి ఆనుకుని కూర్చుంటున్నారు. కూర్చున్న ప్రతి ఒక్కరూ మిగతా ఊరంతా నిద్రపోతోందనుకుంటున్నారు!

ఆ సాయంత్రం ఇంటి ముందు టేకాకులు పరిచి ఆకుకొక గోళీ పెట్టింది. పాళ్ళు సరిగ్గా పడుతున్నాయో లేదో చూడటానికి ఊరిపెద్ద లచ్చు వచ్చి కూర్చున్నాడు. వడ్డె కూడా వచ్చాడు.

"నీకెందుకు తాతా? నీ కాడ మంత్రముండె గద!" అంది దేవే.

"మంత్రం ఊరోళ్ళకు. నాకెవడేస్తడు?" అని వడ్డె రెండాకులు తీసుకుపోయాడు.

మర్నాడు బారెడు పొద్దెక్కినా ఊళ్ళో పొయ్యి వెలగలేదు. ఇప్పపూల రోజులవి. తెల్లారకముందే చెట్ల కింద బుట్టలతో ఉండాల్సిన జనం ఇళ్ళల్లోనే ఉన్నారు. రాలిన పూలను మేకలూ పందులూ తిన్నన్ని తిన్నాయి. తోడికోడలు లబోదిబోమంటుంటే మాసే గుమ్మంలో ఒళ్ళు విరుచుకుని, "రేపు గూడ రాలతయి లేవే" అంది.

దేవే ఆ రోజంతా ఆలోచించింది. ఒక్క మనిషికి నిద్ర రాకపోతే జబ్బనొచ్చు, పిచ్చి అనొచ్చు. ఊరు ఊరంతా జాగారం చేస్తుంటే దానికి ఇంకో పేరుండాలి. ఆ పేరు ఎవరైనా కాగితం మీద పెట్టాలి.

నాలుగో రోజున ఖాళీ అట్ట తీసుకెళ్ళి డాక్టరు బల్ల మీద పెట్టింది. అతని మొహం పాలిపోయింది. ముప్పైయ్యీ మింగేశావా అని హిందీలో అరిచాడు. అంతమాత్రం హిందీ ఆమెకు అర్థమవుతుంది.

"ఒక్కటే మింగిన. తక్కినయి ఊరికి పంచిన."

డాక్టరు నెత్తి పట్టుకున్నాడు. కన్యక కూడా ఈసారి నవ్వలేదు. "పిల్లలకిచ్చినవా? కడుపుతోటున్నోళ్ళకిచ్చినవా? ఎవలకన్న ఏమన్నయితే ఎట్ల అక్కా?"

దేవే తల వంచుకుంది. "పిల్లలకియ్యలే. కని తప్పే. మందు మాంసమసుంటిది కాదని తెల్వలే. ఇగ పంచ." అంతలోనే తలెత్తింది. "నాకొక్కదానికే గూడ ఇయ్యొద్దు. అందర్ని చూడమను."

"ఎవల చీటీ వాళ్ళే రాయించుకోవాల్నట."

"రాయించుకుంటరు."

తర్వాతి సంత రోజున ఇరవై తొమ్మిది మంది దవాఖానా వరండాలో వరస కట్టారు. మంగ్లూ రాలేదు. ఇప్పచెట్టు దగ్గర కాపలా ఉంటానన్నాడు. దేవే బలవంతం చేయలేదు.

డాక్టరు రిజిస్టరు తెరిచాడు. పేరు, ఊరు, వయసు, కారణం, వేలిముద్ర. ముందు కూర్చున్నది దేవే. ఆమె బొటనవేలు సిరా దాకా పోయి ఆగింది.

"ఏం రాసిండో చదువు పిల్లా."

"కారణం కాడ చింత అని రాసిండు. అంటే దిగులు."

"నాకేం దిగుల్లేదు. కొట్టెయ్యమను."

"అక్కా, నిద్ర రానోళ్ళకు అట్లనే రాస్తరు."

"ఇను. మొన్న మిరపచేలల్ల నెలన్నర ఉన్న. ప్లాస్టిక్ పట్టా కింద, ఉత్త నేల మీద. పక్కపొంటి లారీలు పోతుంటె మొద్దులెక్క పండుకున్న. ఇల్లు చేరిన రాత్రి నుంచి మళ్ళ కన్నంటలే. దిగులు నాల ఉంటె నాతోటి చర్లకు రాదా? జబ్బు నాది కాదు, మా తలుపు తట్టినోళ్ళది. గదే రాయమను. తుపాకులు పట్టుకొని ఇంట్లకొస్తరు, అందుకే నిద్ర రాదు."

కన్యక ఒక్క మాట మింగకుండా హిందీ చేసింది.

డాక్టరు పెన్ను పక్కన పెట్టాడు. ఈ రిజిస్టరు పైకి వెళ్తుందన్నాడు. ఇలా రాస్తే అడుగుతారు, తనని కాదు, ఆమె ఊళ్ళోకే వచ్చి అడుగుతారన్నాడు. బెదిరింపుగా కాదు, నిజంగానే భయపడి అన్నాడు.

కన్యక ఆ మాట చెప్పగానే వరండాలో ఉన్నవాళ్ళు దగ్గరికి జరిగారు. లచ్చు ముందుకు వంగి మెల్లగా, "దిగులనే ఉండనియ్యి దేవే. గోళీలొస్తయి గద" అన్నాడు.

"గోళీ మింగి పండుకున్నంక తలుపు కొడితే లేచేదెవలు, మామా?"

దేవే డాక్టరు వైపు తిరిగి, అతనికి తెలుగు రాదన్న సంగతి కూడా మరిచిపోయి, నేరుగా అతనితోనే అంది: "రమ్మను సాబ్. వాగు దాటినంక మూడో ఇల్లు నాది, దేవే అని అడిగితె చిన్నపోరలు గూడ చూపెడతరు. పగటి పూట మాత్రం రమ్మను."

కన్యక చెప్పాక డాక్టరు మళ్ళీ పెన్ను తీశాడు. చింతను కొట్టేసి ఆమె చెప్పిందే రెండు పంక్తుల్లో రాశాడు. దేవే దాన్ని రెండుసార్లు చదివించుకుని, అప్పుడు వేలు నొక్కింది.

తర్వాత లచ్చు వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఎన్నేండ్ల నుంచి పెద్దయ్యా?" అని కన్యక అడిగింది.

లచ్చు వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. ఒక చేతి వేళ్ళు అయిపోయాయి. రెండో చెయ్యి ఎత్తాడు.