బొండాల బండి మీద హెడ్మిస్ట్రెస్ గారు

మా బడి పి.గన్నవరానికి దగ్గరలోనే. అక్కడ నేను తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం చెప్తాను. కిందటేడు శ్రావణంలో ఓ మధ్యాహ్నం బలం, ద్రవ్యరాశి, త్వరణం అని బోర్డు మీద రాసి వెనక్కి తిరిగేసరికి సగం క్లాసు ఆవలిస్తోంది. మిగతా సగం కిటికీలోంచి గేటు ఎదుట కొబ్బరిబొండాలు అమ్మే ఆయన తోపుడుబండి కేసి చూస్తోంది. నేనూ అటే చూసేను. పాఠం అక్కడే ఉంది!

సుద్దముక్క పారేసి, పిల్లలందర్నీ వెంటేసుకుని రోడ్డు మీదకి వెళ్ళిపోయేను.

“బాబాయ్‌గారూ, మీ బండి కాసేపు ఇస్తారాండీ?”

“ఆయ్, తీసుకోండి మేడమ్‌గారూ. దేనికండీ?”

“తొయ్యడానికండీ.”

ఆయన బొండాలన్నీ కిందకి దింపేసేరు.

ముందు ఉత్తబండి. క్లాసులోకల్లా బక్కపల్చటి అమ్మాయిని తొయ్యమన్నాను. తోసిందో లేదో బండి ఒక్క ఉరుకు ఉరికింది. దాని వెనకాలే జడలు ఎగరేసుకుంటూ ఆ పిల్ల పరుగు. తర్వాత బొండాలన్నీ ఎక్కించి, అంతే బలంతో తొయ్యమన్నాను. బండి మూలుగుతూ మెల్లిగా కదిలింది. మరికొందరు చెయ్యి వేసేసరికి మళ్ళీ ఊపందుకుంది.

“చూసేరా? బరువు పెరిగితే అదే తోపుకి నెమ్మదిగా వేగం అందుకుంటుంది. తోపు పెంచితే చురుగ్గా అందుకుంటుంది. ఆ అందుకోవడమే త్వరణం!”

“బొండాలు దొర్లిపోతున్నాయండీ,” అన్నాడు వెనకబెంచీ వాడొకడు, మహా అమాయకంగా. “మీరెక్కితే బాగుంటుందండీ.”

క్లాసంతా చప్పట్లు. బొండాలు దింపించి, కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఎక్కేసేను.

అప్పుడే గేటులోకి వచ్చేరు మా హెడ్మిస్ట్రెస్ గారు. గంజిపెట్టిన నేతచీర, ముక్కు మీదకి జారిన కళ్ళజోడు. ఆవిడ వరండాలో నడిస్తే పావురాలు కూడా నోరు మూసుకుంటాయని పిల్లలు చెప్పుకుంటారు.

“ఏంటండీ ఇది?”

“ద్రవ్యరాశండీ,” అన్నాను.

ఆవిడ బండి చుట్టూ ఓసారి తిరిగేరు. చక్రాలు చూసేరు. నన్ను చూసేరు.

“మీరేమో పుల్లలా ఉన్నారు. పిల్లలకి తేడా ఎలా తెలుస్తుందండీ? కాస్త జరగండి.”

జరిగేను. ఆవిడ ఎక్కి, కళ్ళజోడు తీసి గుప్పిట్లో పెట్టుకుని, రెండో చేత్తో నా మోచెయ్యి పట్టుకున్నారు. ఇద్దరు తోసేరు. బండి కదల్లేదు.

“బలం పెంచండర్రా!” అన్నారావిడ. క్లాసంతా వచ్చి పడింది.

కదిలింది. ముందు నడక, తర్వాత అంగలు, ఆపైన పరుగు. ఇన్నేళ్ళూ సూత్రం వల్లెవేయించేనే గాని, అలా తోస్తూ పోతే వేగం పెరుగుతూనే ఉంటుందని నా పొట్టకి తెలిసింది ఆ రోజే. కొబ్బరిచెట్లు వెనక్కి పరిగెడుతున్నాయి. హెడ్మిస్ట్రెస్ గారు కెవ్వుమన్నారు. నేనూ కెవ్వుమన్నాను.

రోడ్డు చివర తోటల్లోకి దిగే పల్లం కనపడింది. “ఆపండర్రా!” అని అరిచేను. పిల్లలు వెనక్కి లాగేరు. కదలడానికి ఎంత మొరాయించిందో, ఆగడానికీ అంత మొరాయించింది బండి. పట్టు జారి ఒక్కొక్కరే వదిలేసేరు. “నా బండండీ బాబూ!” అంటూ వెనకాల బాబాయ్‌గారు.

పల్లం మలుపులో ఎవరో పోసుకున్న కొబ్బరిపీచు కుప్ప ఉంది. అందులోకి మెత్తగా దూసుకుపోయి ఆగింది. దెబ్బలేం తగల్లేదు. పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చేరు. అప్పుడు ఆవిడ జుట్టు నిండా పీచుతో లేచి నించున్నారు. నవ్వడం మొదలెట్టేరు. ఆవిడ నవ్వు నేను అంతకుముందెప్పుడూ వినలేదు. ఎక్కిళ్ళలా వచ్చి, మధ్యలో ఈల వేస్తుంది. అది విని పిల్లలు కిందపడి దొర్లేరు. చక్రాలు తడిమి చూసుకుని, బండి క్షేమమని తేలాక బాబాయ్‌గారూ కలిసేరు.

ఆవిడే అందరికీ బొండాలు కొట్టించేరు. తాగుతూ తాగుతూ నా వైపు వంగి, “పదో తరగతికి ఇప్పుడేం పాఠం నడుస్తోందండీ?” అన్నారు.

“కాంతి పరావర్తనమండీ.”

“అందులో ఎక్కడానికేమీ లేదాండీ?”

లేదన్నాను. ఆవిడ నిజంగానే నిరాశపడ్డారు.