లెక్కలో మునిగిన పాలెం

తుఫాను వస్తే సముద్రం ఎంత దూరం లోపలికి చొచ్చుకొస్తుందో లెక్కకట్టే సూపర్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మీద నేను పనిచేస్తాను. యంత్రం ఎక్కడో దూరపు నగరంలో ఉంటుంది. నేను ముత్తుకూరులో మా ఇంట్లోంచే దాన్ని నడుపుతాను. నాకు అప్పగించిన పని వినడానికి విడ్డూరంగా ఉంటుంది. లెక్క నడుస్తుండగా మెమరీలో ఉన్న అంకెల్ని కావాలని చెడగొట్టాలి. ప్రోగ్రామ్ ఆ తప్పుని పట్టుకుంటుందో, మోసపోతుందో చూడాలి.

ఆ మధ్యాహ్నం నేనేమీ చెడగొట్టలేదు. మామూలు లెక్క. ఎక్కడా ఆగకుండా పూర్తయింది, హెచ్చరిక ఏదీ రాలేదు. పటం తెరిస్తే తోటపల్లి గూడూరు వైపు తీరంలో ఒక్క గడి నీలంగా ఉంది, అంటే మునిగినట్టు. చుట్టూ అంతా పొడినేల. ఆ గడి మా పిన్ని ఉండే పాలెం.

నాకీ పని అప్పగించిన మా సార్‌కి ఫోన్ చేశాను. "ఈ పూట మీరేమన్నా తప్పులు ఎక్కించినారా సార్?"

"లేదమ్మా. నేను ముట్టుకోనే లేదే."

మళ్లీ నడిపాను. పాలెం పొడిగా ఉంది. మూడోసారీ అంతే. మొదటి ఫలితాన్ని తవ్వితే కారణం దొరికింది. పాలెం నేల ఎత్తు ముందున్న ప్లస్ గుర్తు, మెమరీలో తనంతట తానే మైనస్ అయింది. సముద్రమట్టానికి పైనున్న నేల కిందికి పోయింది, అక్కడ నీళ్లున్నట్టే ప్రోగ్రామ్ లెక్కేసుకుంది. పెద్ద యంత్రాల్లో అప్పుడప్పుడూ జరిగే ఇలాంటి తప్పుల్ని చాలావరకు యంత్రమే దిద్దుకుంటుంది. ఇది ఎలా తప్పించుకుందో సార్ కూడా చెప్పలేకపోయారు.

శనివారం పిన్ని దగ్గరికి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం, గాలి లేదు. ఆమె అరుగు మీద వల బాగుచేసుకుంటోంది. ఆ లెక్క ప్రకారం నీళ్లు నా తలకి ఎంత పైన ఉండాలో నాకు తెలుసు. తలెత్తకుండా ఉండలేకపోయాను.

"ఏందే, అట్ట పైకి చూస్తా ఉండావు?"

"కంప్యూటర్ లెక్కలో మన పాలెం మునిగిపోయినాది పిన్నీ."

ఆమె చేతులు ఆగాయి. "ఎప్పుడంట?"

"ఎప్పుడూ కాదులే. అది తప్పు లెక్క."

"తప్పని అదే చెప్పినాదా?"

"లేదు. నేను చూస్తే తెలిసినాది."

"నువ్వు చూడకపోయుంటే?"

పిన్ని మళ్లీ వల అందుకుంది గానీ, నేనున్నంతసేపూ సముద్రానికి వీపు పెట్టి కూర్చోలేదు.

ఆ తర్వాత నెలంతా సార్, నేను ప్రోగ్రామ్‌లో కాపలా రాశాం. నేల ఎత్తులకి ఇంకో నకలు దాచి, మాటిమాటికీ రెండూ పోల్చి చూసేలా చేశాం. వచ్చిన నీళ్లూ పోయిన నీళ్లూ ఉన్న నీళ్లతో సరిపోతున్నాయో లేదో కూడా ప్రోగ్రామ్ చూస్తుంది. తేడా వస్తే, చివరిసారి అంతా సరిగ్గా ఉన్న చోటికి వెనక్కి వెళ్లి మళ్లీ లెక్కకడుతుంది. నేను చెడగొట్టిన అంకెల్లో చాలావాటిని అది పట్టేసింది.

కొన్నాళ్లకి, నేనేమీ చెడగొట్టని ఒక రోజున, తెర మీద ఒక వాక్యం వచ్చింది: తప్పు దొరికింది, దిద్దడమైనది. పటం ఎప్పటిలాగే ఉంది.

"పనిచేసినాది సార్," అని ఫోన్‌లో చెప్పాను.

సార్ సంతోషించారు. అంతలోనే, "కాపలా పెట్టకముందు ఇట్టాంటివి ఎన్ని మన కంటపడకుండా పోయినాయో కదమ్మా," అన్నారు.

పాత ఫలితాలన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఒక్కొక్కటే తెరిచి చూస్తున్నాను. అన్నీ సరిగ్గానే కనిపిస్తున్నాయి.