రెండో వీధికి తారు, ఆర్డిత్‌కి పెళ్ళి

మా క్లియర్ ఫోర్క్ ఊరి కౌన్సిల్‌లో ఎవరైనా ఒక ప్రతిపాదన చేస్తే ఇంకొకరు "బలపరుస్తున్నాను" అనాలి. అనకపోతే అది అక్కడికక్కడే చచ్చినట్టు. మంచిదా చెడ్డదా అని చర్చ కూడా ఉండదు. ఆ మాట అనే మనిషి చాలా ఏళ్లుగా మాకు ఒక్కరే, ఆర్డిత్ జెలినెక్.

కుక్కల లైసెన్సులు, ఫైరింజనుకు కొత్త టైర్లు, సాఫ్ట్‌బాల్ పోటీల దగ్గర బీరు అమ్ముకోవడానికి అనుమతి, మధ్యాహ్నం మోగే సైరన్ చెవులు చిల్లులు పొడుస్తోందన్న ఫిర్యాదు, ఏదైనా సరే, ప్రతిపాదించినవాడు నోరు మూసేలోపే ఆర్డిత్ చెయ్యి లేచేది. తీరా ఓటు దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు తనే "వద్దు" అనేది. నేను కొత్తగా ఎన్నికైనప్పుడు నాకిది వింతగా తోచి అడిగాను.

"మిస్ ఆర్డిత్, మీకిష్టంలేని దాన్ని బలపరచడం దేనికండీ?"

"పాపం, ఇంట్లో కూర్చుని ఆలోచించుకుని వచ్చాడు కదరా మిలో. కాసేపు మాట్లాడుకుంటే మన సొమ్మేం పోతుంది?" అంది.

ఆమె అలాంటి మనిషి. నెబ్రాస్కా చలిలో ముప్పై ఏళ్లపాటు మా ఊరి స్కూలు బస్సు నడిపింది. ఆలస్యమైన పిల్లల ఇంటి ముందు హారన్ మోగించేది, కిటికీ దించి ఊరంతా వినబడేలా తిట్టేది, కానీ ఎక్కించుకోకుండా మాత్రం కదిలేది కాదు. నేనూ ఆ బస్సులో పెరిగినవాణ్ణే. ఇప్పుడు రెండో వీధిలో సెలూన్ నడుపుతున్నాను, నెత్తిన నాకే జుట్టు పలచబడింది, అయినా ఆమెకు నేను "ఒరేయ్ మిలో"నే.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "బస్సు నిండా పిల్లలున్నారు, మొగుణ్ణి ఎక్కడ కూర్చోబెట్టను?" అనేది. అడిగినవాళ్లు నవ్వి ఊరుకునేవారు. ఆమె కూడా నవ్వేది.

ఆ సీటు అడగడానికి చివరికి వచ్చినవాడు లాడీ పోస్పిసిల్. భార్య పోయి చాలా కాలమైంది, అకార్డియన్ వాయిస్తాడు, గిరగిరా తిరుగుతూ ఆడే పోల్కా డాన్సుకి వాయించే అతని బృందం లేకుండా మా దగ్గర ఏ వేడుకా జరగదు. పార్కులో రాత్రి పొద్దుపోయేదాకా వాయించుకోవడానికి అనుమతి కావాలని ఒకసారి కౌన్సిల్‌కి వచ్చాడు. నేను ప్రతిపాదించాను, ఆర్డిత్ బలపరిచింది, మళ్ళీ ఆర్డితే చుట్టుపక్కలవాళ్లకి నిద్ర పట్టదని వద్దంది. సభ అయ్యాక లాడీ మెట్ల దగ్గర కాచుకుని నిలబడ్డాడు.

"మధ్యలో ఆశపెట్టి చివర్లో చెయ్యిచ్చావేం ఆర్డిత్?"

"చర్చ బాగా జరిగిందిగా!"

"నాకింకా తనివి తీరలేదు. కాఫీ తాగుతూ మిగతాది కానిద్దాం రా."

ఆ చర్చ రెండు శీతాకాలాలు సాగింది. అరవై ఎనిమిదో ఏట ఆర్డిత్ నా సెలూన్‌లోకి వచ్చి, గౌను సర్దుకుని కుర్చీలో కూర్చుని, "ఒరేయ్, ఆగస్టులో నా పెళ్ళి. జుట్టు ఏం చేస్తావో నీ ఇష్టం" అంది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దువ్వెన వెతుకుతున్నట్టు అటు తిరిగాను.

పెళ్ళికి ఎవర్ని పిలవాలన్న దగ్గర ఆమెకు ఒకటే మాట. తన బస్సు ఎక్కినవాళ్లందరూ రావాలి. అంటే దాదాపు ఊరంతా. చర్చి హాలు అందులో సగానికి కూడా చాలదు. అందుకని రెండో వీధినే ఆ శనివారం మూసేసి, నడిరోడ్డు మీద పెళ్ళి, అక్కడే భోజనాలు, అక్కడే పోల్కా అనుకున్నారు. లాడీ పేరు మీద దరఖాస్తు పెట్టారు.

ఇక్కడ మా గంపగుత్త జాబితా గురించి చెప్పాలి. ప్రతి నెలా వచ్చే చిల్లర పనులన్నీ ఒక్కచోట చేర్చి, ఒక్క ఓటుతో కానిచ్చేస్తాం. ఎవరైనా ఆపి ఫలానాది విడిగా చూద్దామంటే తప్ప దాన్ని ఎవరూ చదవరు. చదివితే ఇంటికి వెళ్లేది ఎప్పుడు? ఆ నెల సైరన్ గొడవ తేలాల్సి ఉండటంతో మాకు మరీ తొందరగా ఉంది.

"గంపగుత్త జాబితా," అన్నాడు మేయర్ డ్వేన్. ఊళ్లో శవసంస్కారాల ఏర్పాట్లు చూసేది కూడా డ్వేనే. సభకైనా సమాధికైనా అతనిది అదే మెత్తని గొంతు.

"ఆమోదించాలి," అన్నాను నేను.

"బలపరుస్తున్నాను," అంది ఆర్డిత్.

అందరం సరేనన్నాం. ఆ తర్వాత సైరన్ గురించి గొంతులు చించుకుని, ఏమీ తేల్చకుండానే ఇళ్లకు పోయాం.

పెళ్ళికి పది రోజులుందనగా, రోడ్డు పనులు చేసే కంపెనీ మనిషొకడు క్షవరానికి వచ్చాడు. అద్దంలో వీధి వంక చూస్తూ, "పై శనివారం మీ వీధి మూతేనండోయ్," అన్నాడు.

"తెలుసులే. నువ్వూ రా, పోల్కా ఉంది."

"పోల్కా ఏంటి? తారు పోస్తున్నాం. పోసి, కంకర చల్లి, రోలర్ తొక్కిస్తాం. మీ కౌన్సిలేగా ఆమోదించింది!"

అతని తల సగంలో వదిలేసి, కత్తెర చేత్తో పట్టుకునే సిటీ ఆఫీసుకు పరిగెత్తాను. జాబితా తీయించి చూస్తే నిజమే. పైన రెండో వీధిలో పెళ్ళి. దాని కిందే రెండో వీధికి తారు. అదే శనివారం. పెళ్ళి పార్కుకి మారుద్దామా అంటే, ఆ కిందే పార్కులో సాఫ్ట్‌బాల్ పోటీలు. మూడూ ఒకే రోజు, మూడింటికీ ఒకే ఓటు. అందరం కళ్లు తెరుచుకునే చేతులెత్తాం.

ఆర్డిత్‌కి చెబితే ముందు నమ్మలేదు. నమ్మాక పొట్ట పట్టుకుని నవ్వింది.

"అయితే నా పెళ్ళి మీద నేనే తారు పోయించుకున్నానన్నమాట! నేనేగా బలపరిచింది!"

నవ్వి నవ్వి అలసిపోయి, కళ్లు తుడుచుకుని, కాసేపటికి మెల్లగా అంది. "పోనీలేరా. కోర్టుకెళ్లి సంతకాలు పెట్టొస్తాం. ఇద్దరు సాక్షులు చాలు."

"ఊరందరినీ పిలిచారు కదా?"

"పిలిచాను. మళ్ళీ రావద్దని చెబుతాను. ఆ కంపెనీవాళ్లు ఇప్పుడు పోతే వచ్చే వేసవికి గానీ రారు. నా సరదా కోసం ఊరి రోడ్డు ఆపడమేంటి?"

పక్కన లాడీ నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. "నీ ఇష్టం ఆర్డిత్. నాకు నువ్వుంటే చాలు," అన్నాడు, కానీ ఆ గొంతులో ఏమాత్రం పస లేదు. ఆమె అతని చొక్కా కాలరు సవరించింది. ఆమెకూ కోర్టు పెళ్ళి ఇష్టం లేదని ఆ సవరించడంలోనే తెలిసిపోయింది. ఇన్నేళ్లకు తనకోసం ఒక్కటి కోరుకుంది, అదీ అందరినీ పిలవడానికే. నాకు ఒళ్లు మండింది. ఆ రోజే మేయర్ దగ్గరికెళ్లి అత్యవసర సభ పెట్టమన్నాను.

పెట్టించాను గానీ, ఆర్లన్ ఫ్రీసెన్ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. ఆర్లన్‌ది రెండో వీధిలోనే పశువుల దాణా కొట్టు. కౌన్సిల్‌లో ప్రతిదానికీ "వద్దు" అనడం అతని వాడుక. సైరన్ తగ్గించాలన్నా వద్దన్నాడు, పెంచాలన్నా వద్దన్నాడు. అతనికి కావాల్సింది ఒక్కటే, ఆ వీధికి తారు. గుంతల్లో లారీల ఇరుసులు విరుగుతున్నాయని, దుమ్ముతో దాణా పాడవుతోందని ఏటా ప్రతిపాదించేవాడు. అందరికీ అడ్డం పడే మనిషిని ఎవరు బలపరుస్తారు? ఆర్డిత్ ఒక్కతే బలపరిచేది. తర్వాత డబ్బుల్లేవని తనే వద్దనేది. అలా నలిగి నలిగి చివరికి ఈ ఏడాది ఆ తారు ఖాయమైంది. ఆర్లన్ ఆ వారమంతా ఈల వేసుకుంటూ తిరిగాడని జనం చెప్పుకున్నారు.

బుధవారం సాయంత్రం సభ. హాల్లో కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. మా నలుగురు సభ్యుల్లో ఒకావిడ కూతురి పురుడుకని లింకన్ నగరానికి వెళ్లింది. మిగిలింది నేను, ఆర్లన్, ఆర్డిత్. అప్పుడు సభ గుమస్తా గొంతు సవరించుకుని, "పోయినసారి గంపగుత్తలో ఎవరూ పట్టించుకోలేదు గానీ, ఇది ఆర్డిత్ గారి సొంత విషయం. ఆవిడ బలపరచకూడదు, ఓటూ వేయకూడదు," అంది. మేయర్ బలపరచడానికి వీల్లేదు, ఓట్లు సమానమైతేనే అతని ఓటు. ప్రతిపాదించేవాణ్ణి నేను. లెక్క వేసుకుంటే ఆర్లన్ ఒక్కడే మిగిలాడు.

అయినా లేచాను. "రెండో వీధి తారు ఈ ఏడాదికి ఆపి, దాన్ని నాలుగో వీధికి మళ్ళించాలని ప్రతిపాదిస్తున్నాను."

"నోరు మూసుకుని కూర్చోరా మిలో!" అంది ఆర్డిత్.

"బలపరిచేవారు?" అన్నాడు డ్వేన్.

అలవాటు కొద్దీ అందరం ఆర్డిత్ వంకే చూశాం. ఆమె చెయ్యి కూడా అలవాటు కొద్దీ బల్ల మీంచి లేచింది. గుర్తొచ్చి, రెండో చేత్తో దాన్ని కిందికి లాక్కుంది. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో లాడీ టోపీని పిండేస్తున్నాడు.

"బలపరిచేవారు ఉన్నారా?" డ్వేన్ మళ్ళీ అడిగాడు. ఈసారి ఆ గొంతు వింటే నిజంగానే ఎవరో పోయినట్టుంది.

ఆర్లన్ కిటికీలోంచి వీధిని చూస్తున్నాడు. దవడ కదులుతోంది.

"ఆ రోడ్డు గురించి ఏళ్ల తరబడి మొత్తుకున్నాను," అన్నాడు ఎవరి వంకా చూడకుండా. "ఒక్కడు ఆలకించాడా? మిలోగాడైతే నేను మాట్లాడుతుంటే గోళ్లు గిల్లుకునేవాడు."

"మామా, అదీ..."

"నువ్వుండరా. ఆలకించింది ఈవిడొక్కతే. నా మాట బల్ల మీదికి రావాలని ప్రతిసారీ చెయ్యెత్తింది. ఆవిడ మాట మాత్రం బల్ల మీదికి రాకుండా పోతుందా? రాసుకో అమ్మా. బలపరుస్తున్నాను."

హాలంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. చర్చలో చాలామంది లేచి మాట్లాడారు, అందరూ ఒకప్పుడు ఆ బస్సులో వెనక సీట్లలో అల్లరి చేసినవాళ్లే. ఒకావిడ ఏడ్చేసింది కూడా. ఆర్డిత్ మాత్రం బల్ల వంక చూస్తూ కూర్చుంది, చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత ఓటు.

"అవును," అన్నాను నేను.

"వద్దు," అన్నాడు ఆర్లన్.

హాలు గొల్లుమంది. "ఇదేం పని మామా! ఇప్పుడేగా బలపరిచావు!" అని అరిచాను.

"బలపరిచాను. మాట్లాడుకోమన్నాను. అంతేగానీ నా తారు వదులుకుంటానన్నానా?"

అప్పుడు నవ్వింది ఆర్డిత్. బల్ల మీద చరుస్తూ, ఊపిరాడక, "సబబే! ఆర్లన్ చేసింది సబబే!" అంటూ నవ్వింది. ఆర్లన్ ముఖం తిప్పుకున్నాడు గానీ, మీసం కింద అతనికీ నవ్వు ఆగలేదు.

ఇటొకటి, అటొకటి. డ్వేన్ టై సర్దుకుని, అందరినీ కలయజూసి, మెత్తగా, "అవును," అన్నాడు. చప్పట్ల హోరులో అతను బల్ల మీద కొట్టిన సుత్తి దెబ్బ ఎవరికీ వినబడలేదు. లాడీ కుర్చీల మీంచి అడ్డంగా దాటుకుంటూ వచ్చేశాడు.

శనివారం తెల్లారి సెలూన్ తలుపు తీసేసరికి ఆర్లన్ వీధి మధ్యలో ఉన్నాడు. ట్రక్కు నిండా ఇసుక తెచ్చి, పారతో గుంతలు పూడ్చి, బూటు కాలితో తొక్కుతున్నాడు.

"తొంగి చూస్తావేంరా? పెళ్ళికూతురు బోర్లాపడితే కౌన్సిల్ మీద కేసు పడుతుంది. ఇంకో పార ఉంది, రా!" అన్నాడు. ఇద్దరం కలిసి వీధి చివరిదాకా పూడ్చాం.

మధ్యాహ్నానికి జనం పోటెత్తారు. మధ్యలో పళ్ల జామ్ పెట్టి కాల్చిన కొలాచీ రొట్టెలు పళ్ళేల నిండా, బీరు పీపాల నిండా. పెద్దవాళ్లు తమ పిల్లల్ని, ఆ పిల్లలు తమ పిల్లల్ని వెంటేసుకుని వచ్చారు. పెళ్ళికొడుకే అకార్డియన్ తగిలించుకుని వాయించాడు. దుమ్ము మోకాళ్లదాకా లేచింది, ఒక్కరూ ఆగలేదు. ఆర్లన్ ఎవరు పిలిచినా ఆడనని భీష్మించుకుని, చివర్లో మేయర్ భార్యతో వీధంతా చుట్టేశాడు.

నేను కాసేపు సెలూన్ గుమ్మంలో నిలబడి చూశాను. చిన్నప్పుడు మాకు కనబడిందల్లా ఆమె మెడ, టోపీ, స్టీరింగ్ మీద చేతులు. మా అందరినీ అద్దంలోంచి చూసుకుంటూ నడిపింది గానీ, మాకేసి తిరిగి కూర్చునే వీలు ఆమెకెప్పుడూ లేదు. ఇప్పుడు వీధి నడుమ, తెల్లని గౌనులో, నేను ముడివేసిన జుట్టు సగం ఊడిపోయి, మా అందరి ఎదుట గిరగిరా తిరుగుతోంది. మా మిస్ ఆర్డిత్ ఇంత అందగత్తె అని మాలో ఎవరికీ అప్పటిదాకా తెలియదు.