వలీ భాయ్ చదివే పేపరు

సౌదీలోని ఖఫ్జీలో ఓ చిన్న కంపెనీ గోడౌన్ చూసే కడప ఖాదర్‌వలీ, రోజూ సాయంత్రం గదిలో కాళ్లు బారజాపుకుని, కళ్లద్దాలు ముక్కు కొసకు జార్చి, అమెరికా పేపరు చదివి వినిపిస్తాడు. ఎప్పుడో అక్కణ్ణుంచి పంపులు వచ్చిన పెట్టెల్లో కుక్కిన పేపర్లవి. అన్నీ డెబ్బై రెండు, డెబ్బై మూడు నాటివి. ముడతలు పోయేలా చేత్తో సాపు చేసి, తేదీల వరసన పేర్చుకున్నాడు. రోజుకొకటే చదువుతాడు. మరుసటిది ముట్టుకోడు. "ఈ పొద్దు గుడ్లు డజను యాభై సెంట్లప్పా! శనివారం రాత్రి టీవీలో నవ్వుల నాటకం ఉండాది," అంటాడు, తనే పోయి చూడబోతున్నంత హుషారుగా. బయటి వార్తలంటే బయటి దేశాల పనివాళ్ల మీద లెవీ పెరిగిందనో, నితాఖత్ అని సౌదీవాళ్లను పెట్టుకుని ఫలానావాణ్ణి పంపేశారనో తప్ప ఏముంటాయి? అందుకే గదిలో అందరూ చెవులప్పగించి వింటారు.

మొన్న ఆయనకు వీసా ఇచ్చిన కఫీలే పిలిచి, ఇంక లెవీ కట్టడం తన వల్ల కాదంటూ ఇంటికి పంపే ఎగ్జిట్ కాగితం చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రం వలీ కళ్లద్దాలు తుడుచుకుని, మామూలుగానే ఆనాటి పేపరు విప్పాడు.

"అమెరికాలో పెట్రోలు లేదంటప్పా. బంకుల ముందర మైలు పొడుగునా కార్లు నిలబడుండాయంట."

"గంత పెద్ద దేశంల పెట్రోల్ లేకపోవుడేంది వలీ భాయ్?" అన్నాడు జగిత్యాల రాజలింగు.

"అరబ్బులు ఆపేసినారంట."

వలీ పేపరు ఒళ్లో పెట్టుకుని, పక్కనున్న ఎగ్జిట్ కాగితం వైపొకసారి చూసి, పకపకా నవ్వాడు.

"ఇన్నాళ్లూ తెలీకపాయె సూడు! అమెరికావోళ్లకు గూడా కఫీలు మనోడే!"