పొట్లం కట్టని ఈరన్న

పత్తికొండలో పెద్ద ఈరన్న ఇరవై ఏళ్లు హోటల్ నడిపాడు గానీ, పొట్లం కట్టమంటే కట్టిన పాపాన పోలేదు. తినేవాళ్లు వచ్చి బెంచీ మీద కూర్చోవాలి, ఆయన పెట్టాలి. మధ్యలో కాగితానికీ దారానికీ పని లేదు.

"పొట్లంలో బజ్జీకి ఊపిరాడదప్పా," అనేవాడు.

ఒకసారి ఆదోని బస్సు డ్రైవరు రోడ్డు మీద నుంచే హారను కొట్టి, ఉగ్గాని కట్టియ్యమన్నాడు. "దిగి రా. నువ్వు లేకుండా బస్సు యాడికీ పోదులే," అన్నాడు ఈరన్న. డ్రైవరు దిగాడు. ఆయన వెనకాలే బస్సంతా దిగింది. ఇంకొకాయన తెలివిగా ఇంటి నుంచి స్టీలు డబ్బా తెచ్చాడు. ఈరన్న డబ్బా నిండా పెట్టి, మూత మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. "తిన్నాక ఇస్తా."

నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు. అయితే ఏం, ఉగ్గాని బాగోగులు చెప్పడానికి బడి చదువు అక్కర్లేదు. బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, తాలింపు వెయ్యడం అందరికీ వచ్చు. పిడికిలి ఎంత బిగించాలో ఈరన్నకే తెలుసు. ప్రతి శనివారం మా ఆయన తిరుమలయ్య, నేను, మనవరాలు హరిత అక్కడికి పోయేవాళ్లం. హరితకు నాలుగేళ్లప్పుడు బెంచీ ఎక్కితే కాళ్లు నేలకు అందేవి కావు. బజ్జీలో మిరపకాయ తాతకిచ్చి, పైపిండి తాను తినేది.

రెండువేల నాలుగులో మా ఆయన పోయాడు. కర్మలకని వచ్చిన మా ఆడబిడ్డ జీవమ్మ నాకు కాపలాగా నిలిచిపోయింది.

"ఏడాది తిరిగేదాకా గడప దాటకూడదు వదినా. అందులోనూ హోటలా? నలుగురూ నవ్వుతారు."

నాలుగు నెలలు మూలన కూర్చున్నాను. నోరు చచ్చిపోయింది. మాట కూడా తగ్గింది. ఇంట్లోవాళ్లకు అది సుఖంగానే ఉండిందనుకోండి.

ఒక శనివారం హరిత, అప్పటికి దానికి ఎనిమిదేళ్లు, నా కోసం గిన్నె పట్టుకొని ఈరన్న దగ్గరికి పోయింది. ఖాళీ గిన్నెతో తిరిగొచ్చింది.

"ఇయ్యల్యా అవ్వా. మీ అవ్వకు కాళ్లు లేవా అన్నాడు."

"అంత మాట అన్నాడా?"

"శానా గట్టిగా అన్నాడు. అందరూ విన్నారు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెప్పులు వేసుకున్నాను. జీవమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"యాడికి వదినా?"

"కొట్లాడేదానికి పోతాండా. కొట్లాటకు గూడా ఏడాది ఆగల్ల అని యాడన్నా ఉండాదా?"

ఆమెకు జవాబు తోచేలోగా వీధి మలుపు దాటేశాను.

హోటల్లో అందరి ముందూ నిలదీశాను. "ఏమప్పా ఈరన్నా, పసిపిల్లను ఉత్త చేతులతో పంపిస్తావా?"

ఈరన్న బాణలి మీద నుంచి తల ఎత్తలేదు. "కూర్చొని తిట్టక్కా. నిలబడితే ఆయాసం."

కూర్చున్నాను. తిడుతుండగానే ముందుకు ప్లేటు వచ్చింది. తిట్టుకూ తిట్టుకూ మధ్య ఒక బజ్జీ కొరికాను. ఆ వేడికి రెండు తిట్లు మరిచిపోయాను.

అప్పుడు కనబడింది. వెనక గదిలో ఆయన భార్య కృష్ణవేణమ్మ బజ్జీలను విస్తరాకులో చుట్టి దారం కడుతోంది. పక్కన అట్లాంటివే ఇంకో నాలుగు.

"ఇవేంది? పొట్లాలు కావా?"

"ఇమాం వలికి పక్షవాతం గదక్కా, మంచంలోనే ఉండాడు. అట్ల లేవలేనోళ్లకు రోజూ పంపిస్తాడు. ఎవరికీ చెప్పనియ్యడు," అన్నదామె.

ఈరన్న వైపు తిరిగాను. "మరి నాకెందుకు కట్టల్యా?"

"నువ్వు లేవగలవు గదక్కా. కోపమొస్తే పరుగెత్తనూ గలవు."

నేను ఇంకో బజ్జీ అందుకున్నాను. ఇంతలో జీవమ్మ రొప్పుతూ వచ్చి వాకిట్లో నిలబడింది. నా ప్లేటు చూసింది. చుట్టూ జనాన్ని చూసింది. ఎవరూ నవ్వడం లేదు. ఎవరి బజ్జీ వాళ్లకు ముఖ్యం.

"అయిందా వదినా కొట్లాట?"

"యాడయింది? ఇంక వారం వారం ఉంటాది," అన్నాను. బెంచీ మీద జరిగి చోటిచ్చాను. "ఈరన్నా, ఈమెకూ నాలుగు వెయ్యి."

జీవమ్మ కూర్చోనంటే కూర్చోనన్నది. నిలబడే ఆరు తిన్నది.