నాలుగు బిందెల పెంచలమ్మ

మా అత్తగారు పెంచలమ్మకు ఒకటే పిచ్చి. ఇంట్లోకి వచ్చిన నీళ్ళు మూడు పనులు చేయందే బయటికి పోకూడదు. బియ్యం కడిగిన నీళ్ళతోనే కూరగాయలు కడగాలి, ఆ కడుగే మళ్ళీ బర్రెకు కుడితి కావాలి. బర్రె చివరిదాకా తాగిందా లేదా అని తొట్టి వంచి మరీ చూసేది.

మాది అల్లూరు పక్క పల్లె. చుట్టూ రొయ్యల గుంటలు, బోరు వేస్తే ఉప్పునీళ్ళు. అన్నిటికీ కొళాయే దిక్కు, అదీ పొద్దున అరగంట. అయినా ఆవిడ నాలుగంటే నాలుగు బిందెలు పట్టి టక్కున కట్టేసేది. పెన్న పక్కన కోవూరులో పుట్టి పెరిగిన నాకు ఒళ్ళు మండిపోయేది.

మా ఆయన సుకుమార్ స్నానానికి వెళితే తలుపు బయట నిలబడి చెంబులు లెక్కపెట్టేది.

"ఆరు... ఏడు... ఒరే అబ్బయా, స్నానం చేస్తుండావా, నారుమడికి నీళ్ళు పెడతుండావా?"

"తలమీద సబ్బుందమ్మా!"

"తువ్వాలుతో తుడువు, పోతాది!"

పోయిన నెల ఆవిడ చుట్టాల పెళ్ళికని నాయుడుపేట వెళ్ళింది. ఇంకేముంది, కొళాయి బార్లా తిప్పేశాను! దుప్పట్లు ఉతికాను, వాకిలి కడిగాను, చేయి ఊరుకోక ప్రహరీగోడ కూడా కడిగాను. నీళ్ళు ఆగిపోయాక చివరింటి రెబెక్కమ్మ ఖాళీ బిందెతో వచ్చింది.

"పెంచలమ్మక్క లేదామ్మా? ఈ పొద్దు మాకు చుక్క రాలా. నా మనవరాలు పదిరోజుల బిడ్డ, నీళ్ళు పోయాల."

"మాకు బాగానే వచ్చాయే!"

"అదేనమ్మా. మీరు కట్టేస్తేనే మా కొళాయికి ఎక్కేది. నాలుగేళ్ళుగా అక్క నాలుగు బిందెలకే కట్టేస్తా వుంది."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. వంటకు పట్టుకున్న రెండు బిందెలూ ఇద్దరం మోసుకెళ్ళాం. బిడ్డకు నీళ్ళు పోశాకే నా ప్రాణం కుదుటపడింది.

అత్తగారు రాగానే అంతా ఒప్పుకున్నాను. "ఒక్క మాట చెప్పొచ్చు కదత్తా?"

ఆవిడ మొహం తిప్పుకుంది. "చెప్పేదానికేముండాది? అయిదో బిందె మోస్తే నడుం నొప్పి, అందుకే కట్టేస్తా. అది సరే, గోడ ఎందుకు కడిగినావు మ్మే?"

మరునాడు మా ఆయన స్నానానికి వెళ్ళారు. ఆరో చెంబు చప్పుడుకే తలుపు బయటి నుంచి కేక.

"చాలు, ఇంక తువ్వాలుతో తుడుచుకోండి!"

"అమ్మా, నీ గొంతేంది ఇట్టా మారింది?" అన్నారాయన లోపల్నుంచి.

వాళ్ళమ్మ వంటింట్లో బియ్యం కడుగుతోంది.